పులుపు లేని ఆమ్లజని

మా ఇంట్లో ఒకే వాయువుకు నాలుగు పేర్లు. తాత దాన్ని ఆమ్లజని అంటాడు. నాయన ఆక్సిజన్ అంటాడు. అవ్వ చివర కొమ్ము తగిలించి ఆక్సిజను అంటుంది, తొందరలో ఉంటే ఉత్త 'గాలి' అనేస్తుంది. టీవీలో వార్తలు చదివేవాళ్లు అప్పుడప్పుడు ప్రాణవాయువు అంటారు. మా సైన్సు పుస్తకంలో ఆక్సిజన్ అని ఉంది కాబట్టి పరీక్షలో నేను అదే రాస్తాను. కానీ ఒక్క వస్తువుకు ఇన్ని పేర్లు ఎట్ల వచ్చినాయి, ఏ పేరు ఎవరు పెట్టినారు, వేరే భాషలవాళ్లు దీన్ని ఏమంటారు అని ఈ సంవత్సరం నేను అందరినీ అడగడం మొదలుపెట్టినాను. అట్ల తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

ఇది నాకు పొద్దుపోక అడిగిన ప్రశ్న కాదు. మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, సంతలో కన్నడం. బడిలో లెక్కలు, సైన్సు, సాంఘికం తెలుగులో చదువుతాము. తమిళం, ఇంగ్లీషు భాషలుగా నేర్చుకుంటాము. మా తరగతిలో ఇప్పుడు 14 మందిమే ఉన్నాము. 10 అయిపోతే తెలుగులో సైన్సు చదివే దారి మా దగ్గరలో లేదు, 11లో చేరితే ఇంగ్లీషు మీడియమే. మా బావ బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా పుస్తకం తిరగేసి, "ద్రవ్యరాశి, త్వరణం, ఆమ్లం, క్షారం... ఇవన్నీ వచ్చే ఏడు నీకు దేనికి పనికొస్తాయి? పదేళ్లు చదివిందంతా మళ్లీ ఇంగ్లీషులో మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే కదా" అన్నాడు. మా చెల్లెలు ఇప్పుడు 5లో ఉంది. దాన్ని 6 నుంచే ఇంగ్లీషు మీడియంలో వేద్దామని అప్పటినుంచి ఇంట్లో మాట నడుస్తా ఉంది. నాకు బావ మాటకు వెంటనే జవాబు తోచలేదు. అందుకే ఒక్క మాట పట్టుకుని, దాని కథ మొదటి నుంచి చివరి దాకా చూద్దామనుకున్నాను. ఆ మాట ఆక్సిజన్.

మొదట తాతను అడిగినాను. తాత ఇక్కడే తెలుగు బడిలో 8 దాకా చదివినాడు. అప్పటి పుస్తకంలో ఆమ్లజని, ఉదజని, నత్రజని అని ఉండేవట. "జని అంటే పుట్టించేది పాపా. ఉదకం అంటే నీళ్లు. నీళ్లను పుట్టించేది ఉదజని. ఆమ్లాన్ని పుట్టించేది ఆమ్లజని. పేరులోనే పాఠం ఉండాది" అన్నాడు. నాకు చాలా బాగుందనిపించింది. హైడ్రోజన్ అనే మాటను నేను మూడేళ్లుగా రాస్తున్నాను. దానిలో నీళ్లు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. హైడ్రోజన్‌ను గాలిలో మండిస్తే నీళ్లు వస్తాయి అని పుస్తకంలో ఉన్న వాక్యం అప్పుడు ఇంకోరకంగా అర్థమయింది.

మర్నాడు సైన్సు సారుకు ఈ సంగతి చెప్పినాను. సారు నవ్వి, "సరే, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఏమేమి మూలకాలు ఉన్నాయో చెప్పు" అన్నారు. హైడ్రోజన్, క్లోరిన్ అన్నాను. "మరి ఆమ్లజని ఎక్కడ?" అన్నారు. తరగతిలో అందరూ నా వైపు చూసినారు. నిజమే. మన కడుపులో అన్నం అరిగించే ఆమ్లం అదే. దానిలో ఆక్సిజన్ చుక్క కూడా లేదు. ఆమ్లానికి ఆమ్లగుణం ఇచ్చేది హైడ్రోజన్ అని మేము ఆమ్లాలు, క్షారాలు పాఠంలో చదువుకున్నాము. అంటే తాత చెప్పిన మూడు పేర్లలో ఉదజని సరిగ్గా ఉంది, ఆమ్లజని తప్పుగా ఉంది. మరి తెలుగువాళ్లు ఇంత తప్పు పేరు ఎందుకు పెట్టుకున్నారు?

సారు గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాల్లో వెతికితే తెలిసింది, ఆ తప్పు తెలుగువాళ్లది కాదు. అది ఫ్రాన్సులో పుట్టింది.

ఈ వాయువును స్వీడన్‌లో షీలే, ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ ఎవరికి వాళ్లుగా తయారుచేసినారు. ప్రీస్ట్లీ 1774 ఆగస్టు 1న పెద్ద భూతద్దంతో ఎండను పాదరసపు ఎర్ర భస్మం మీదికి మళ్లించి దీన్ని పట్టినాడు. ఆ వాయువులో కొవ్వొత్తి మరింత వెలుగుతో మండింది. షీలే దాన్ని 'అగ్ని గాలి' అన్నాడు. ప్రీస్ట్లీ ఆ కాలపు సిద్ధాంతం ప్రకారం నోరు తిరగని పెద్ద పేరు పెట్టినాడు. ఆ సిద్ధాంతం ఇప్పుడు లేదు, ఆ పేరూ లేదు. అదే ఏడు ప్రీస్ట్లీ పారిస్‌కు పోయినప్పుడు లావోయిజర్‌కు తన ప్రయోగం గురించి చెప్పినాడు. లావోయిజర్ తూకాలు వేసి వేసి, వస్తువులు మండడమంటే ఈ వాయువుతో కలవడమేనని తేల్చినాడు. గంధకాన్ని, భాస్వరాన్ని, బొగ్గును ఈ వాయువులో మండించి, వచ్చినదాన్ని నీళ్లలో కలిపితే ఆమ్లాలు వస్తాయి. దానితో ఆమ్లాలన్నిటికీ మూలం ఇదేనని ఆయన అనుకున్నాడు. గ్రీకు భాషలో 'ఓక్సిస్' అంటే పదునైనది, పుల్లనిది. 'జెన్' అంటే పుట్టించేది. రెండూ కలిపి ఫ్రెంచిలో ఆక్సిజన్ అనే పేరు చేసినాడు. 1787లో ఆయన, ఇంకా ముగ్గురు రసాయన శాస్త్రవేత్తలు కలసి రసాయనాల పేర్ల పద్ధతి మీద ఒక పుస్తకం వేసినారు. ఆ పేర్లే ప్రపంచమంతా పోయినాయి.

1810లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమని, దాని ఆమ్లంలో ఆక్సిజన్ లేదని చూపించినాడు. కానీ అప్పటికే పేరు పాతుకుపోయింది. లావోయిజర్ దాన్ని మార్చడానికి కూడా లేడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1794 మే 8న ఆయన తల నరికేసినారు.

ఇక్కడినుంచి నాకు అసలు కథ మొదలయింది. ఒక్కో భాష ఈ మాటను ఎట్ల ఇంటికి తెచ్చుకుంది అని చూస్తే, మూడు దారులు కనబడినాయి.

మొదటి దారి, మాటను ఉన్నది ఉన్నట్టు తెచ్చుకోవడం. ఇంగ్లీషు ఆ పనే చేసింది. మనం ఇంగ్లీషు మాట అనుకునే ఆక్సిజన్ ఇంగ్లీషుది కాదు, వాళ్లూ ఫ్రెంచి నుంచి అప్పు తెచ్చుకున్నారు. స్పెయిన్‌వాళ్లు ఓక్సీహెనో అంటారు. టర్కీవాళ్లు ఓక్సిజెన్ అంటారు. ఇండొనేషియావాళ్లు గకారం పెట్టి ఓక్సిగెన్ అంటారు. ఆఫ్రికాలో స్వాహిలీవాళ్లు ఓక్సిజెని అంటారు. స్వాహిలీలో మాటలు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి చివర ఇకారం చేర్చుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. తెలుగు మాట కూడా అచ్చుతో ముగియాలని చూస్తుంది. బస్ బస్సు అయింది, కార్ కారు అయింది, పెన్ పెన్ను అయింది. అవ్వ బడికి పోలేదు, అయినా ఆక్సిజన్‌కు ఉకారం పెట్టి ఆక్సిజను అని తెలుగు చేసేసింది. ఆ పని అవ్వకు ఎవరూ నేర్పలేదు, భాషే చేయించింది. పుస్తకంలో పొల్లుతో ఉన్న ఆక్సిజన్ కంటే అవ్వ మాటే తెలుగు వ్యాకరణానికి దగ్గర.

రెండో దారి, గ్రీకు మాటను విప్పి, అర్థం తీసుకుని, సొంత మాటలతో మళ్లీ కుట్టుకోవడం. జర్మన్ భాషలో పుల్లని పదార్థం అని అర్థం వచ్చేటట్టు జవర్‌ష్టోఫ్ అంటారు. రష్యన్‌లో పులుపును పుట్టించేది అని కిస్లరోద్ అంటారు. ఫిన్లాండులో ఆమ్లాన్ని హప్పో అంటారు, దాని నుంచే ఆక్సిజన్‌కు హప్పి అని పేరు చేసుకున్నారు. జపాన్‌వాళ్లకు ఆ రోజుల్లో యూరప్ దేశాల్లో డచ్చివాళ్లతో మాత్రమే వ్యాపారం ఉండేది. అందుకని ఉదగావ యోఆన్ అనే పండితుడు డచ్చి పుస్తకాలు చూసి, 1837 నుంచి అచ్చయిన తన రసాయన గ్రంథంలో పుల్లని మూలకం అని అర్థం వచ్చే సాన్సో అనే మాట వాడినాడు. జపాన్ పిల్లలు ఇప్పటికీ అదే చదువుతారు. మన ఆమ్లజని ఈ దారిలోదే. అంటే తాత చదివిన మాటకు జర్మనీలో, రష్యాలో, జపాన్‌లో తోబుట్టువులున్నారు.

మూడో దారి, లావోయిజర్ ఏమన్నాడో పక్కన పెట్టి, ఆ వాయువు చేసే పనిని చూసి పేరు పెట్టుకోవడం. చైనాలో 1855లో హాబ్సన్ అనే ఇంగ్లీషు డాక్టరు రాసిన పుస్తకంలో 'పోషించే గాలి' అని అర్థం వచ్చే పేరు వాడినాడు. ఇప్పుడు చైనావాళ్లు ఆక్సిజన్‌ను యాంగ్ అంటారు, ఆ అక్షరం ఆ పోషించే గాలి నుంచి వచ్చిందే. పోలండులో నిప్పు కనకనలాడుతూ ఉండడాన్ని చెప్పే మాట నుంచి ట్లెన్ అని పేరు పెట్టుకున్నారు. మన ప్రాణవాయువు, తమిళంలోని ఉయిర్‌వళి ఈ దారిలోవి. ఉయిర్ అంటే ప్రాణం, వళి అంటే గాలి.

ఇవన్నీ పుస్తకాల్లో చూసినవి. వీటిని మనుషుల నోట వినాలనిపించింది. దానికి నేను ఎక్కువ దూరం పోలేదు. మా నాయన హోసూరులో ఒక గ్యాస్ కటింగ్ షాపులో పనిచేస్తాడు. ఇనుప రేకులు, పట్టీలు కోసే షాపు అది. ఒక శనివారం నాయనకు క్యారియరు తీసుకుపోయినప్పుడు నోటుపుస్తకం కూడా పట్టుకుపోయినాను. షాపు ఓనరు తమిళాయన. ఆయన, "మేము చదివేటప్పుడు పిరాణవాయు అని కూడా అనేవాళ్లం, ఇప్పుడు మా మనవరాలు ఉయిర్‌వళి అంటాది" అన్నాడు. సిలిండర్లు తెచ్చే బండి డ్రైవరు కన్నడాయన. "ఆమ్లజనక" అన్నాడు వెంటనే. హైడ్రోజన్ ఏమంటారు అంటే "జలజనక", నైట్రోజన్ అంటే "సారజనక" అన్నాడు. ఇంటర్ ఫెయిలయినా పేర్లు మరిచిపోలేదని నవ్వినాడు. హెల్పరుగా ఉన్న అన్న ఒడిశా నుంచి వచ్చినాడు. ఆయన కొంచెంసేపు ఆలోచించి "అమ్లజాన" అన్నాడు. హైడ్రోజన్‌ను ఉద్‌జాన అంటారట. ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం వెలిగింది. బడి మాట కదా, చాలా ఏళ్ల తర్వాత నోటికి వచ్చినట్టుంది. నాలుగు భాషలవాళ్లు, మూడు భాషల్లో అదే పులుపు. అయితే పని మొదలవగానే అందరూ కలసి అరిచింది ఒకటే మాట: "ఆక్సిజన్ తెరువు!"

ఆ షాపులో ఇంకొకటి చూసినాను. నల్ల సిలిండరు ఆక్సిజన్, ముదురు ఎరుపుది ఎసిటిలీన్. దాన్ని వాళ్లు డీఏ అంటారు. మొదట రెండూ కలిపిన మంటతో ఇనుమును ఎర్రగా కాలుస్తారు. తర్వాత మీట నొక్కితే వట్టి ఆక్సిజన్ ధారగా వస్తుంది. అప్పుడు కాలేది గ్యాస్ ఒక్కటే కాదు, ఇనుమే కాలిపోతుంది. ఇనుము ఆక్సైడు కరిగి నిప్పురవ్వలుగా కింద పడుతుంది. ఆక్సిజన్ రెగ్యులేటరుకు నూనె చెయ్యి తగలకూడదని నాయన నన్ను దూరంగా నిలబెట్టినాడు, నూనె అంటితే భగ్గుమంటుందట. మా పుస్తకంలో దీని పేరు ఆక్సీకరణం. ఈ మాటను విప్పి చూడండి. ముందు సగం గ్రీకు, వెనక సగం సంస్కృతం. తమిళ పుస్తకంలో ఆక్సిజనేట్రం అంటారు, ఆక్సిజన్ ఎక్కడం అని అర్థం. అక్కడ ముందు గ్రీకు, వెనక తమిళం. కన్నడంలో ఉత్కర్షణ అని పూర్తిగా సంస్కృతం. అప్పు తెచ్చిన మాటకు మన ప్రత్యయం తగిలిస్తే అది పిల్లలు కంటుందని నాకు అప్పుడు అర్థమయింది. ఆక్సైడు, ఆక్సీకరణం, ఆక్సీమీటరు... అప్పు తెచ్చిన విత్తనమే, పంట మాత్రం మన పొలంలో పండింది.

పొలం అంటే గుర్తొచ్చింది. మా మామ రోజాలు, టమాటాలు వేస్తాడు. ఆయన మాట్లాడే మూడు ఎరువులు నత్రజని, భాస్వరం, పొటాష్. ఈ మూడు పేర్లు మూడు రకాలుగా వచ్చినవి. నత్రజని అనేది గ్రీకు పేరు పద్ధతిలో సంస్కృతంతో కట్టుకున్న మాట. భాస్వరం అంటే వెలిగేది, ఫాస్ఫరస్ అనే మాటలోనూ వెలుగే ఉంది, అంటే అర్థాన్ని మన మాటతో చెప్పుకున్నాము. పొటాష్ మాత్రం ఉన్నదున్నట్టు తెచ్చుకున్నది. ఇంగ్లీషులో అది కుండ, బూడిద అనే రెండు మాటల కలయిక. కట్టె బూడిదను నీళ్లలో కలిపి, ఆ నీళ్లను కుండలో ఇగరబెట్టి తీసేవాళ్లు. మామకు ఈ కథలేవీ తెలియవు, ఆయనకు వాటితో పనీ లేదు. మూడు మాటలూ ఆయనకు తెలుగే. సైన్సు పుస్తకంలో నైట్రోజన్ వచ్చి నత్రజనిని పక్కకు తోసేసింది, కానీ పొలంలో నత్రజని ఇంకా బతికే ఉంది. ఒక మాట బతకాలంటే పుస్తకం ఒక్కటే చాలదు, దాన్ని రోజూ వాడే మనుషులు కావాలి.

తాత ఇంకో మాట చెప్పినాడు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. కార్బన్ డయాక్సైడును వాళ్లు బొగ్గుపులుసు వాయువు అనేవాళ్లట. మా చెల్లెలు అది విని, "పులుసా? అన్నంలో కలుపుకుంటారా?" అని పడి పడి నవ్వింది. కానీ తమిళంలో దాన్ని కరియమిల వాయు అంటారు. కరి అంటే బొగ్గు, అమిలం అంటే ఆమ్లం. ఒడియాలో అంగారకామ్ల అంటారట. అదీ బొగ్గు ఆమ్లమే. ఈ వాయువు నీళ్లలో కలిస్తే నిజంగానే కొంచెం పులుపు వస్తుంది, సోడా తాగితే నాలుకకు తెలుస్తుంది. ఇంగ్లీషు లేకుండా, వంటింటి మాటలతో ఒక వాయువుకు పేరు పెట్టగలిగినవాళ్లు మన పెద్దలు అని గర్వంగా అనిపించింది.

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే ఈ అమ్మాయి పాత మాటలే మంచివి అంటుందేమో అనుకోవచ్చు. నాకు అట్ల అనిపించలేదు. ప్రాణవాయువునే చూడండి. ఆ మాట ప్రీస్ట్లీ కంటే చాలా పాతది. ప్రాణం, అపానం, వ్యానం, ఉదానం, సమానం అని శరీరంలో ఐదు వాయువులు ఉంటాయని పాత శాస్త్రాల్లో చెప్పినారు. ఆ ప్రాణవాయువు వేరు, సిలిండరులో నింపే ఈ వాయువు వేరు. పాత పేరును కొత్త వస్తువుకు పెడితే, ఇది మనకు ముందే తెలుసు అనే పొరపాటు పుడుతుంది. పైగా ప్రాణమున్న ప్రతిదానికీ ఆక్సిజన్ కావాలని లేదు. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి ఆక్సిజన్ తగిలితే పెరగదు. ఇంకో తమాషా చూడండి. లావోయిజర్ నైట్రోజన్‌కు 'ప్రాణం లేనిది' అనే అర్థంతో అజోట్ అని పేరు పెట్టినాడు. ఫ్రెంచివాళ్లు, రష్యావాళ్లు ఇప్పటికీ అదే అంటారు. కానీ మన ఒంట్లో ప్రతి మాంసకృత్తులోనూ నైట్రోజన్ ఉంది, అది లేకుండా బతుకే లేదు. కాబట్టి పేరులో అర్థం ఉంటే మంచిదే, కానీ ఆ అర్థాన్నే పాఠం అనుకోకూడదు. మా ఊరిలో చిన్నప్ప అనే ఆయన ఆరడుగులు ఉంటాడు. చిన్నప్ప అని పిలిచినంత మాత్రాన ఆయన చిన్నగా అవుతాడా?

అప్పు మాటకు ఉన్న బలం ఏమిటో నేను పుస్తకంలో చదవలేదు, చూసినాను. 2021లో తాతకు కరోనా వచ్చినప్పుడు నాకు 10 ఏళ్లు. వేలికి తగిలించే చిన్న మిషన్‌లో 88 అని చూపించింది. 94 కంటే తగ్గకూడదని పక్కింటి అక్క చెప్పింది. ఆ రాత్రి నాయన ఫోను పట్టుకుని ఎవరెవరికో చేసినాడు. తమిళం మాట్లాడే నర్సు, కన్నడం మాట్లాడే అంబులెన్సు డ్రైవరు, హిందీ మాట్లాడే సిలిండరు షాపాయన. నాయనకు హిందీ రాదు. అన్ని ఫోన్లలోనూ నాకు అర్థమయిన మాట ఒక్కటే, ఆక్సిజన్. అవ్వ వాకిట్లో కూర్చుని "ఆక్సిజను దొరికెనా" అని అడుగుతా ఉంది. ఆ రాత్రి ఉయిర్‌వళి అని, ఆమ్లజనక అని, ఆమ్లజని అని ఎవరి మాట వాళ్లు వాడి ఉంటే ఎంత ఆలస్యం అయ్యేదో తెలియదు. తెల్లవారుజామున సిలిండరు దొరికింది. తాత 9 రోజుల తర్వాత ఇంటికి వచ్చినాడు. ఆ తర్వాత ఒకసారి తాతే అన్నాడు: "బడిలో ఆమ్లజని అని రాసి మార్కులు తెచ్చుకుంటి. ప్రాణం కాపాడింది మాత్రం ఆక్సిజన్."

మన దేశంలో 1961లో కేంద్ర ప్రభుత్వం శాస్త్ర సాంకేతిక పదాల కోసం ఒక కమిషన్ పెట్టింది. మూలకాల పేర్లు, ప్రపంచమంతా వాడే ఇట్లాంటి మాటలు ఉన్నవి ఉన్నట్టు మన లిపుల్లో రాసుకోవాలని, భావాలను చెప్పే మాటలకు మన భాషల్లో మాటలు కట్టుకోవాలని దాని పద్ధతి. మా పుస్తకం కూడా చాలావరకు ఆ పద్ధతిలోనే ఉంది. ఆక్సిజన్ అని రాస్తారు, కానీ ద్రవ్యరాశి, త్వరణం అని తెలుగులో రాస్తారు. మొదట ఇది కలగాపులగం అనిపించేది. ఇప్పుడు దానిలో న్యాయం కనబడుతుంది. పేరు అందరికీ ఒకటి ఉంటే రాత్రిపూట ఫోనులో పనికొస్తుంది. భావం మాత్రం ఇంటి మాటలో ఉంటేనే తలకెక్కుతుంది.

ఉగాదికి బావ మళ్లీ వచ్చినప్పుడు నేను నోటుపుస్తకం చూపించినాను. "బావా, హైడ్రోజన్ అంటే ఏమి అర్థం?" అని అడిగినాను. "అర్థమేముంది, అది పేరు" అన్నాడు. "నీళ్లను పుట్టించేది" అన్నాను. ఆక్సిజన్ అర్థం, ఆ అర్థం ఎందుకు తప్పో కూడా చెప్పినాను. బావ కొంచెంసేపు పుస్తకం చూసి, "ఇది మాకు ఎవరూ చెప్పలేదే" అన్నాడు. కానీ తన మాట మాత్రం వదల్లేదు. "ఇదంతా బాగుంది. కానీ 11లో మొదటి ఆరు నెలలు నీకు కష్టమే, చూడు" అన్నాడు. అది నిజమే. నాకు భయంగానే ఉంది. త్వరణానికి ఇంగ్లీషు మాట, దాని స్పెల్లింగు ఇప్పటినుంచే రాసుకుంటున్నాను. అయితే పదేళ్లు చదివింది పనికిరాదు అనే మాట మాత్రం నేను ఇక నమ్మను. ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా ఆక్సిజన్ అనే పరాయి మాటనే నేర్చుకుంటారు. అది గ్రీకు నుంచి ఫ్రెంచికి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు, అక్కడినుంచి మనకు వచ్చింది. మన దగ్గర దాన్ని విప్పి చూసుకోవడానికి ఆమ్లజని అనే తాళంచెవి కూడా ఉంది. రెండూ ఉన్నవాళ్లకు ఒకటి ఎక్కువ ఉన్నట్టే కదా.

చెల్లెలి సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు. నాయన, "పెద్దదాని 10 రిజల్టు చూసి చెప్తాను" అంటున్నాడు. అందుకని నేను ఈసారి సైన్సులో మంచి మార్కులు తెచ్చుకోవాలి. ఇప్పటికైతే రోజూ రాత్రి దానికి రెండు మాటలు విప్పి చెప్తున్నాను. నిన్న కిరణజన్య సంయోగక్రియ చెప్పినాను. ఆ పొడుగు మాట చూసి ముందు భయపడింది. కిరణం, దానివల్ల పుట్టింది, కలిసే పని అని ముక్కలు చేసి చెప్తే, "ఓ, ఎండతో వంట!" అంది.

మిత్రులారా, మీకు ఒక చిన్న పని. మీ ఇంట్లో తాతలను, అవ్వలను, మామలను అడగండి. నైట్రోజన్‌ను, సోడియంను, థర్మామీటరును, కరెంటును వాళ్లు బడిలో ఏమని చదివినారు, ఇంట్లో ఏమంటారు? పక్కింటి తమిళవాళ్లను, కన్నడంవాళ్లను కూడా అడగండి, వాళ్లు సంతోషంగా చెప్తారు. నా నోటుపుస్తకంలో ఇప్పటికి 63 మాటలు ఉన్నాయి, నాలుగు గడులు గీసి రాసినాను. మీ దగ్గర ఉన్న మాటలు తెచ్చి నాకు ఇవ్వండి. పరీక్షలు అయ్యేలోపల వంద చేసి, గ్రంథాలయంలో పెట్టి పోవాలని నా ఆశ. వచ్చే ఏడు 10కి వచ్చేవాళ్లకు అది పనికొస్తుంది.